కాఫీ మిషన్‌కు పోసిన ప్రార్థన నూనె

ఎండలో నడిచేవాడికి నీడగా నిలిచే దేవునికి ముందుగా స్తోత్రం. ఆ రోజుల్లో సిరిసిల్లలో మరమగ్గాలు ఒక్కొక్కటే మూగబోతుంటే మా వాడలో సగం మంది దుబాయి దారి పట్టారు. నేనూ పోయాను. తోటివాళ్లు ఎండలో సిమెంటు మోస్తుంటే, దేవుని దయవల్ల నాకు చల్లటి ఆఫీసులో చాయ్, కాఫీ ఇచ్చే పని దొరికింది. (కాఫీ చేయడం వచ్చా అని అడిగినప్పుడు తలను అడ్డంగానూ నిలువుగానూ కాకుండా ఏటవాలుగా ఊపాను. అది అబద్ధం కిందికి రాదని అప్పటి నా నమ్మకం.) నా పని నచ్చకపోతే సిమెంటు మోసే సైటుకు పంపుతామని ముందే చెప్పారు.

ఆఫీసు పెద్ద కేరళ ఆవిడ, అందరికీ మేడం. కొత్త కాఫీ మిషన్ కొనుక్కు రమ్మని నన్నూ, మా పక్క ఊరు కోరుట్ల నుంచి వచ్చిన డ్రైవరు అన్ననూ పంపింది. దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో పొడి పోయాలి. రెండోదానికి పైన గింజలు పోస్తే అదే మర పట్టుకుని, వేడినీళ్లు పోసుకుని, కింది జగ్గులోకి చుక్క చుక్కగా కాఫీ దించుతుంది.

"పొడిది తీస్కో తమ్మీ. గింజలది ఖరాబైతే ఎవడు చూస్తడు?" అన్నాడు అన్న.

"మరమగ్గం ఇప్పి బిగించినోన్ని అన్నా, గిదెంత?"

నిజానికి దుకాణంవాడు మీట నొక్కగానే ఆ గరగరలో నాకు మా వాడ వినిపించింది. కళ్లు మూసుకుని అదే కావాలన్నాను.

మర్నాడు పొద్దున గింజలు పోసి మీట నొక్కితే అది కీచుమని అరిచింది. సిరిసిల్లలో పెరిగినవాడికి మిషన్ అరిచిందంటే ఒకటే అర్థం: నూనె అడుగుతోంది. నా సంచిలో, పాస్టరుగారు ప్రార్థించి మా అమ్మ చేతికిచ్చిన కొబ్బరినూనె సీసా ఉంది. మా సంఘంలో కొత్త బండికైనా, బోరు మోటారుకైనా ఆ నూనె చుక్క పడాల్సిందే. ఒకే పనితో రెండూ తీరతాయని మోకరించి, గింజలు నలిగే పళ్ల మీద నాలుగు చుక్కలు వేశాను. (నాలుగే అని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. పోసింది ధార.) అరుపు మెత్తబడింది. జగ్గులోకి రాలే ఒక్కో చుక్కనూ కలలోలా చూస్తూ నిలబడ్డాను. కాఫీ మీద బంగారు సున్నాలు తేలాయి.

మేడం ఒక గుక్క తాగి ఆగింది. ఇందులో ఏం కలిపావని హిందీలో అడిగింది. నా పక్కనే నిలబడ్డ అన్న నా చెవిలో, "గింజలే గట్లున్నయని చెప్పు" అన్నాడు. కిటికీ అవతల ఎండ తెల్లగా మండుతోంది. ఈసారి తల ఏటవాలుగా ఊపడానికి మెడ తిరగలేదు. అమ్మ ఇచ్చిన ప్రార్థన నూనె అని నాకొచ్చిన హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ కప్పును మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. వాళ్లమ్మ జడ కూడా ఇలాగే వాసన వచ్చేదని మెల్లగా చెప్పి, కాఫీ అంతా తాగేసింది. తరువాత మామూలు గొంతుతో, సాయంత్రంలోగా మర శుభ్రం కాకపోతే రేపటి నుంచి సైటుకే అంది. అన్నం మానేసి మర విప్పాను. పళ్ల సందుల్లో జిగట పట్టిన పొడినంతా కుంచెతో తీశాను. సాయంత్రానికి మళ్లీ తిరిగింది.

"గిప్పుడు అరుస్తలేదా?" అన్నాడు అన్న.

"అరుస్తది అన్నా. అది దాని మాట."

ఇప్పుడు జగిత్యాలలో మా బిడ్డ అలాంటిదే కొనిపెట్టింది. గింజలు నలిగే చప్పుడు వినగానే నా చెయ్యి గూట్లోని నూనె సీసా కోసం తడుముతుంది. "నాయినా, చెయ్యి తియ్యి" అంటుంది బిడ్డ. మిషన్ ముందు మోకరించిన ఆ బక్క పిల్లగాడు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఈ పూట కూడా మన ఊళ్ల పిల్లలు ఎవరో అక్కడ ఎండలో సిమెంటు మోస్తుంటారు. జగ్గు నిండేంతసేపు వాళ్ల కోసం నాతోపాటు ప్రార్థించండి.