బసవపున్నారావు గారి ఎమర్జెన్సీ లైటు

మా ఇంటి ఓనరు బసవపున్నారావు గారికి కోపం వస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వచ్చేదైతే అప్పుడప్పుడూ పోవాలి కదా! నూజివీడులో మామిడికాయల వ్యాపారం ఆయనది. కింద ముందు వాటాలో ఆయనా, భార్య కమల గారూ ఉంటారు. వెనక వాటాలో బడిపంతుల్ని నేను. మేడ మీద శ్రావణి, ఆమె భర్త.

ఆ కోపానికి మనుషులే అక్కర్లేదు. ఒకసారి ఆగిరిపల్లి తోటలో ఆయన నోట పెట్టుకున్న రసం పండు పుల్లగా తగిలింది. రైతు సవరయ్య బిగుసుకుపోయాడు. ఈయన రైతును పల్లెత్తు మాట అనలేదు. పండును కళ్ళకెదురుగా పట్టుకుని, "నిన్ను రసం అని ఎవడన్నాడు? ఆ పేరు పెట్టుకోటానికి సిగ్గుండక్కర్లా?" అని దులిపేశారు. తిట్టడం అయ్యాక ఆ పండునే టెంక దాకా చీకేశారు.

మొన్న వేసవిలో గాలిదుమారాలకు సాయంత్రమైతే చాలు, కరెంటు పోయేది. అలా పోయిన ఒకరోజు శ్రావణి మేడమెట్లు దిగుతూ తడబడింది. ఏడో నెల. ఎలాగో రెయిలింగ్ పట్టుకుని నిలదొక్కుకుంది. ఈయన పరుగున వచ్చి, "మెట్లు కనపడనప్పుడు దిగటం దేనికమ్మా? పైన కూర్చోటానికి చోటు లేదా?" అని కేకలేశారు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. "కడుపుతో ఉన్న పిల్లండీ!" అన్నాను.

"ఐతే? ఆ సంగతి మెట్లకు తెలుసా?" అని నా మీదా అరిచారు.

మర్నాడు ఆదివారం. నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆయన హాల్లో పాత బండి బ్యాటరీ, చార్జరు, ఎల్ఈడీ బల్బు, కరెంటు పోగానే బల్బును బ్యాటరీకి కలిపే చిన్న రిలే, అన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నారు.

"ఎమర్జెన్సీ లైటు బిగిస్తున్నా మాస్టారూ."

"ఎలక్ట్రీషియన్ అప్పారావును పిలవకపోయారా?"

"వాడొచ్చేలోపు కరెంటే వస్తుంది!"

ఇన్సులేషన్ టేపు ఆయన వేళ్ళకు తప్ప దేనికీ అంటుకోవడం లేదు. "వైరును చుట్టుకోమంటే నన్ను చుట్టుకుంటావేంటి? మనిద్దరికీ ఏం చుట్టరికం?" అని దాన్ని నిలదీశారు. ఎర్ర వైరుకు వేరుగా, నల్ల వైరుకు వేరుగా అక్షింతలు పడ్డాయి.

చివరికి స్విచ్ వేస్తే బల్బు ధగధగా వెలిగింది. కమల గారు చప్పట్లు కొట్టారు. కరెంటు పోయినట్టు చూద్దామని ఆయన మెయిన్ ఆపారు. బల్బు ఆరిపోయింది. మెయిన్ వేస్తే వెలిగింది. ఆపితే ఆరింది.

"ఏవండీ, ఇది కరెంటు ఉన్నప్పుడే వెలుగుతోందండీ," అన్నారు కమల గారు.

"కరెంటుంటే వెలిగే బల్బులు ఇంటినిండా ఉన్నాయి! ఇంకా నువ్వెందుకు?" అని ఆయన బల్బు మీద విరుచుకుపడ్డారు.

వంగి చూశాను. రిలేలో ఒక వైరు పక్క పిన్నుకు తగిలించారు. చూపించాను.

"మరి చెప్పవేం?" అన్నారు రిలేతో.

వైరు మార్చి మెయిన్ ఆపగానే బల్బు వెలిగింది. వెంటనే ఇంకో చుట్ట వైరు, నిచ్చెన భుజాన వేసుకుని, దారిలో చెప్పుల్ని తిట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం మళ్ళీ గాలి లేచింది. కరెంటు పోయింది. నా వాటాలో చీకటి. ముందు వాటాలోనూ చీకటే. కమల గారు కొవ్వొత్తి వెలుగులో పప్పు తిరగమోత పెడుతున్నారు. ఆయన చీకటి వరండాలో విసనకర్రతో విసురుకుంటూ, చాలినంత గాలి రావట్లేదని దాన్ని కసురుతున్నారు.

"పొద్దున్నుంచీ అంత రభస చేశారు. లైటేదండీ?" అన్నాను.

"కనపడట్లా? మీ కళ్ళకు కూడా కరెంటు కావాలా?"

పక్కకు తిరిగి చూశాను. మేడమెట్లు పైనుంచి కింద దాకా తెల్లగా వెలిగిపోతున్నాయి. రెయిలింగ్ పట్టుకుని శ్రావణి మెల్లగా దిగుతోంది.

"థాంక్సండీ బాబాయ్ గారూ!" అంది.

"నీకెవరు పెట్టారమ్మా? మెట్లకు పెట్టుకున్నా. నువ్వు పడితే అవి పగిలిపోవూ?"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది.

బసవపున్నారావు గారు విసనకర్ర అవతల పారేసి లేచి నిలబడ్డారు. "ఇంకా రెండు మెట్లున్నాయి! ఆ నవ్వేదేదో కిందికొచ్చి నవ్వు!"