అమ్మవారనుకున్న గజ్జి

మొన్న మనవరాలి బుగ్గల మీదా మెడ మీదా ఎర్రటి పొక్కులు లేస్తే, కోడలు బాగేపల్లికి పోయి డాక్టరుకు చూపించుకొని వచ్చింది. కంటికి ఆనని పురుగేదో చర్మంలో దూరిందట, పాపతోబాటు ఇంట్లో అందరమూ ఒకే రోజు మందు పూసుకోవాలట, పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతకాలట. బాగున్నవాళ్ళకు మందు దండగ కాదా అని నేను అడ్డం పడ్డాను.

"పాపకొకదానికే పూస్తే మళ్ళా మన దగ్గర్నుంచే అంటుకుంటాదంట అత్తా. మీ పిసినారితనం సబ్బుకాడ చూపీండి, మందుకాడ వద్దు" అనింది కోడలు.

నాకు కోపం రాలేదు, మా పుట్టింటి కంబళి గుర్తుకొచ్చింది.

మండికల్ దగ్గర పల్లె మాది. మా కాలంలో, మీకూ తెలిసే ఉంటుంది, పిల్లల ముఖాన పొక్కు లేచిందంటే అమ్మవారు పోసినట్టే. నేను రెండో తరగతిలో ఉండగా ముఖమంతా లేస్తే, అమ్మ నన్ను గొర్రెబొచ్చు కంబళి మీద పడుకోబెట్టి చుట్టూ వేపమండలు పెట్టింది. అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గుడ్డ ఉతకరాదు గనక భక్తితో ఆ కంబళి జోలికి ఎవరూ పోలేదు. తలకు నీళ్ళు పోసినాక నేను మళ్ళీ అదే కప్పుకొన్నాను, మళ్ళీ లేచాయి, ఆపైన మూడోసారీ లేచాయి.

"అమ్మోరు వచ్చి పోతాది గానీ ఇట్ల కాపురముంటాదా? ఇదేందో పాడు జబ్బు" అని మా పెద్దమ్మ తేల్చేసరికి, పశువుల కొట్టం పక్కన నాకు వేరే చాప, తినేదానికి వేరే తట్ట పడ్డాయి. బడికి పోతే మేష్ట్రు వాకిట్లోంచే తిప్పి పంపాడు. అమ్మ సంగటి ముద్దను ఎత్తునుంచి తట్టలో వేసి పోయేది, అక్క జడ వేయించుకుంటుంటే నేను దూరాన్నుంచి చూసేదాన్ని. దురదనైనా ఓర్చుకున్నాను గానీ మనిషి చెయ్యి తగలకపోవడాన్ని ఓర్చుకోలేక నా ముఖం నేనే తడుముకొనేదాన్ని.

కొన్ని నెలలకు టీకాలు వెయ్యడానికొచ్చిన నర్సమ్మ నా వేళ్ళసందులు చూసి, ఇది అమ్మవారు కాదు గజ్జి అని చెప్పి, ఇంటిల్లిపాదికీ గంధకం కలిపిన నూనె పూయించి, ఆ కంబళిని మరిగే నీళ్ళలో వేయించింది. జబ్బు పోయింది, అప్పటికి బడీ పోయింది. అమ్మ చెయ్యి మాత్రం మళ్ళీ నా చెంపకు రాలేదు, అది భయమో సిగ్గో నేను అడగలేదు. నేనూ నా పిల్లలకు వేళకు కూడు పెట్టాను, చదివించాను, ఒక్కనాడూ బుగ్గ నిమరలేదు.

ఆ సాయంకాలం అందరమూ ఒకే చాప మీద కూర్చొని మందు పూసుకొన్నాము. పాప నా ఒళ్ళోకెక్కి, జిగట బుగ్గను నా చెంపకు ఆనించింది. ఎవరూ లాగెయ్యలేదు. ఈ కాలం పిల్లలకు ఈ జబ్బు నాలుగు రోజుల దురద, అంతే. మారింది మంచికే. బుగ్గ ఆనించిన పిల్లను ఏం చెయ్యాలో తెలియక, నేను మాత్రం రెండు చేతులూ చాపకు ఆనించుకొని అట్లే కూర్చున్నాను.