గడప దాటాకే ఆఖరి ముక్క

మా ఆవిడ పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి పోయింది. అంతకుముందు మూడు రోజులు ఆసుపత్రిలో కళ్ళు తెరవలేదు. కబురు అందరికీ పంపలేకపోయాను. మాతో ఆదివారాలు కొండలెక్కినవాళ్ళు, ఆవిడ చేతి బెల్లంచెక్కలు తిన్నవాళ్ళు, ఎలా జరిగిందని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను గోదావరి జిల్లా నుంచి డెబ్బైల మొదట్లో పోర్టు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఆవిడది భీమిలి పక్క పల్లె. మాకు పిల్లలు లేరు. పెళ్ళయిన కొత్తలో నేను ఏం మాట్లాడినా నవ్వేది. "మీరు మాటాడతంటే రేడియోలో వార్తలు సదివినట్టుంటాదండి" అనేది. ఆఖరిదాకా ఆవిడ నన్ను వెక్కిరించడం మానలేదు, నేను వార్తలు చదవడం మానలేదు.

కొండల అలవాటు నాకు ఒక మిత్రుడి వల్ల వచ్చింది. అతను ఉక్కు ఫ్యాక్టరీలో ఫిట్టరు, ఉండేది కూర్మన్నపాలెంలో. మొదటిసారి సింహాచలం కొండల వెనక నడిచాం. నేను పులిహోర మోసుకెళ్ళాను. మధ్యాహ్నానికి ఎండకు పాడైంది, పారేశాం. ఖాళీ కడుపుతో ఇల్లు చేరి గడప మీద కూలబడ్డాను. చెమట పట్టి కళ్ళు తిరిగాయి, బూట్ల తాడు విప్పలేకపోయాను. ఆవిడ నా నోట్లో బెల్లం ముక్క పెట్టి నీళ్ళు తాగించింది. కాసేపటికి కళ్ళు తేటపడ్డాయి.

ఆ సంగతి నేను గుర్తుపెట్టుకోవలసింది.

మరుసటి శనివారం ఆవిడ మొదటిసారి ఆ చెక్కలు చేసింది. వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్ళు, నువ్వులు, అటుకులు, కాస్త వేయించిన చోడిపిండి, అంటే రాగిపిండి. బెల్లం ముదురు పాకం పట్టి, ఒక చుక్క చన్నీళ్ళలో వేసి, గట్టిపడ్డాక తీసి పళ్ళెం మీద కొట్టి వినేది. మోగితేనే పాకం దించి అవన్నీ కలిపేది. నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, వేడి ఆరకముందే కత్తితో గీతలు పెట్టి, అరచేతిలో పట్టేంత ముక్కలు కోసేది. మా ఇంట్లో రొట్టె కొంటే దాని మైనపు కాగితం పారేసేవాళ్ళం కాదు. ముక్కలు అందులో చుట్టేది. సముద్రపు గాలికి బెల్లం చెమ్మగిల్లుతుంది కదా, అందుకని చుట్టే ముందు ప్రతి ముక్క మీదా చిటికెడు చోడిపిండి చల్లేది. మే నెలలో కూడా అవి కాగితానికి అంటుకోలేదు.

ఫిట్టరు మిత్రుడు మొదటి ముక్క కొరికి ఆగిపోయాడు. "ఏటి బావా, నువ్వు మోత్తన్నది సంచా, మా సెల్లెమ్మ పెట్టిన బడ్డీకొట్టా?" అన్నాడు. ఆ తర్వాత నడకకు మనుషులు పెరిగారు. కొండ కోసం వచ్చారో చెక్క కోసం వచ్చారో మీకే తెలియాలి.

తర్వాత ఆవిడ కూడా రావడం మొదలుపెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పూర్ణా మార్కెట్లో కొన్న కాన్వాసు బూట్లు వేసుకుని, మాకంటే ముందు నడిచేది. ఆవిడ మాటలు కొన్ని మీకూ గుర్తుండే ఉంటాయి. "ఆకలేసీదాకా ఆగితే కొండ గెలిసేత్తాది. ముందే ఓ ముక్క నమిలీండి." ఇంకొకటి, అందరికీ కష్టంగా తోచింది. లెక్కకు ఒక ముక్క ఎక్కువ కట్టేది. ఆ ఆఖరి ముక్కను ఎవరూ ముట్టకూడదు. ఇంటి గడప దాటాకే తినాలి.

"దారి అయిపోయినాదని మీరనుకుంతారు. కాలు మడతపడ్డాక తెలుత్తాది" అనేది.

ఒక వేసవిలో ఆవిడ మడమ మీద బొబ్బ లేచింది. రెండు నెలలైనా మానలేదు. ఆసుపత్రిలో రక్తం, మూత్రం చూసి చక్కెర జబ్బు అన్నారు. రోజూ పొద్దున్న ఇన్సులిన్ ఇంజెక్షన్. సూది మరిగించడం, మందు ఎక్కించడం ఆవిడే నేర్చుకుంది. ఆవిడ నడక ఆగిపోయింది. బూట్లు మాత్రం గుమ్మం పక్కనే ఉండేవి.

డాక్టరు రెండు మాటలు చెప్పారు. తీపి పూర్తిగా మానెయ్యాలి. ఇంజెక్షన్ తర్వాత ఎప్పుడైనా చెమట పట్టి కళ్ళు తిరిగితే మాత్రం, వెంటనే ఏదైనా తీపి నోట్లో వేసుకోవాలి. నేను బి.ఏ. చదివినవాణ్ణి. మొదటి మాట కాగితం మీద రాసి వంటింటి గోడకు అంటించాను. రెండోది రాయలేదు. రాస్తే అది సాకు అవుతుందనుకున్నాను.

ఇంట్లో పంచదార కొనడం మానేశాం. నేను కూడా కాఫీ చప్పగానే తాగాను. ఇరుగుపొరుగుకు చెప్పాను, ఆవిడ అడిగినా తీపి పెట్టవద్దని. నా నడక కోసం చెక్కలు చేయడం కూడా మానేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నాను నడవలేను. నా సేతి ముక్కయినా ఎల్లనీండి" అంది. అందుకని శనివారం సరిపడా బెల్లం తెచ్చి, చేసినవన్నీ వెంటనే నా సంచిలో సర్దేవాణ్ణి. పళ్ళెం నేనే కడిగేవాణ్ణి.

ఆఖరి శనివారం ఆవిడ అడిగింది.

"ఏటండి, కళ్ళు తిరిగితే తినమన్నారు కదేటి డాక్టరుగారు? ఒక్క ముక్క ఆ కాళీ పంచదార డబ్బాలో ఉంచీండి."

"ఉంచితే తినేస్తావు."

"నానేటి పిల్లినా, మూత తీసి నాకీడానికి?"

నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. వద్దన్నాను. మళ్ళీ అడగలేదు.

ఆదివారం తక్కినవాళ్ళు రాలేదు. నేనూ ఫిట్టరూ సింధియా బస్టాపు దగ్గర కలిసి యారాడ కొండ ఎక్కాం. సంచిలో ఐదు ముక్కలు. ఇద్దరికీ రెండేసి, పైన ఒకటి. తిరిగి దిగేటప్పుడు అతనికి మోకాలు పట్టేసింది.

"బావా, ఆ ఆకరిది కూడా తియ్యి."

"గడప దాటాకే."

"గడపెక్కడుంది బావా ఇక్కడ? అటు సూత్తే సముద్రం, ఇటు సూత్తే జీడితోట!"

ఇవ్వలేదు. ఆవిడ మాట నిలబెట్టానని దారంతా తృప్తి పడ్డాను.

ఇంటికి చేరేసరికి ఒంటిగంట. మా వాటా ముందు జనం ఉన్నారు. ఆవిడను అప్పటికే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పొయ్యి మీద ఉప్మా ఎసరు చల్లారి ఉంది. ఇంజెక్షన్ చేసుకున్నాక స్టవ్వులో కిరసనాయిలు అయిపోయి, ఏమీ తినలేదట.

పక్కింటావిడ గుమ్మంలోనే ఏడుస్తూ చెప్పింది. "గోడట్టుకుని వచ్చింది అన్నయ్యగారూ. 'వదినా, రవంత పంచదార ఎట్టు' అంది. నాను నవ్వేసినాను. 'అమ్మో, మీ ఆయన ఇయ్యొద్దన్నారు, నానియ్యను' అన్నాను. ఎనక్కి ఎల్లిపోయింది. గంట పోయాక ఎల్లి సూత్తే స్టవ్వు పక్కన పడుంది."

పక్కింటావిడ తప్పు లేదు. ఆవిడ నోట వచ్చింది నా మాట. ఇది అందరూ తెలుసుకోవాలనే రాస్తున్నాను.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగారు. "ఇంట్లో తీపి ఏమీ లేదా? ఒక బెల్లం ముక్కయినా?"

లేదన్నాను. సంచి నా భుజానే ఉంది.

మూడు రోజులూ మంచం పక్కన కూర్చున్నాను. గ్లూకోజు ఎక్కిస్తూనే ఉన్నారు. నర్సులు దారి ఇమ్మంటే లేచేవాణ్ణి, మళ్ళీ కూర్చునేవాణ్ణి. ఫిట్టరు సెలవు పెట్టి వచ్చి వరండాలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "ఆ ముక్క నాకియ్యలేదు సూడు బావా, మంచిపని సేసినావు. మా సెల్లెమ్మ నోటికందని ముక్క తినుంటే నాను బతకలేకపోదును" అన్నాడు.

పన్నెండో రోజు అయ్యాక సంచి దులిపాను. ముక్క విరగలేదు. కాగితం మీద ఆవిడ వేళ్ళు మడిచిన మడత అలాగే ఉంది.

మీ ఇళ్ళలో ఆ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ చేతికందే చోట ఒక బెల్లం ముక్క పెట్టండి. అడిగితే ఇవ్వండి. ఇంతకంటే చెప్పడానికి నాకు అర్హత లేదు.

గోడ మీది కాగితం కింద రెండో మాట కూడా రాశాను. ఆవిడ ఉంచమన్న డబ్బాలోనే ఆ ముక్క ఉంచాను. ఇక్కడి గాలి మీకు తెలిసిందే, వారానికే బెల్లం చెమ్మగిల్లుతుంది. ఆదివారం పొద్దున్న మూత తీసి, కాగితం విప్పి, చిటికెడు చోడిపిండి చల్లి, అదే మడతలో చుట్టి, మూత పెడుతున్నాను.