వెనక్కి జరిగే బొటనవేలు

అమెరికాలోని డబ్లిన్‌లో మా వీధి చివరింట్లో ఉండే ఒక పెద్దాయన ఇరవై ఏళ్లు న్యూస్ హెలికాప్టర్‌లో కెమెరా నడిపారు. అలాంటివాళ్ల మీద డాక్యుమెంటరీ తీస్తూ ఆయన్ని కలిశాను. మాటల్లో ఎవరి కష్టమైనా వస్తే ఆయన కుడి చేతి బొటనవేలు మోకాలి మీద మెల్లగా వెనక్కి జరిగేది. వణుకు జబ్బేమో అనుకున్నాను.

"జూమ్ అవుట్ అమ్మా అది, కెమెరా మీట వెనక్కి లాగి దృశ్యాన్ని దూరం చేయడం," అన్నారొకసారి. "ఒకరోజు ఫ్రీవే మీద కార్ తగలబడుతోంది, లోపల మనిషున్నాడు. అంతా లైవ్. ఇంకా క్లోజ్‌కి వెళ్లమని స్టేషన్ వాళ్లు హెడ్‌సెట్‌లో ఒకటే అరుపులు. నేను వెనక్కి లాగేశా. స్క్రీన్ మీద కొండలే మిగిలాయి."

"ఎందుకంకుల్?"

"ఆ కార్లో ఉన్నాయన వాళ్లావిడ ఇంట్లో టీవీ పెట్టుకుని ఉంటేనో?"

ఆ తర్వాత ఆయనకు షిఫ్టులు తగ్గించేశారట.

షూటింగ్ చివరి రోజున, ఆయనతో పన్నెండేళ్లు ఆకాశంలో తిరిగిన రిపోర్టర్ గురించి అడిగాను. ఈయన సెలవు పెట్టిన రోజే హెలికాప్టర్ కూలి ఆమె చనిపోయింది. ఆయన పెదవులు వణికాయి. సినిమాకి కావలసింది ఇదే అనుకుని జూమ్ చేస్తూ ఆయన కళ్ల దాకా వెళ్లిపోయాను. ఎందుకో కెమెరా మీద నుంచి తలెత్తి చూశాను. మోకాలి మీద ఆ వేలు వెనక్కి జరుగుతోంది.

సిగ్గేసింది. నేనూ వెనక్కి లాగాను.

సినిమాలో ఆ చోట పెద్ద కిటికీ, బయట నిమ్మచెట్టు, ఓ మూల కుర్చీలో చిన్నగా ఒక మనిషి కనిపిస్తారు. ఏడుస్తున్నారో లేదో అంత దూరం నుంచి తెలియదు.