ఫ్యానును సలహా అడిగే మా మేనత్త

నా చిన్నప్పుడు మా ఇంటి పెద్దవాళ్ళలో గట్టిగా నవ్వేది మా మేనత్త ఒక్కతే. ఆ నవ్వుకే ఆమెను పిచ్చిదన్నారు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మేము అమీర్‌పేటలో ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. ఇప్పుడా సందులో తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులే కనిపిస్తాయి. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. ఒక ఎండాకాలం మా మేనత్త రేకుపెట్టె పట్టుకుని వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆమె భర్త ఇంకొకామెను ఇంటికి తెచ్చుకుని ఈమెను పంపించేశాడు. పంపించి ఊరుకోలేదు, ఈమెకు మతి సరిగా లేదని చుట్టాలందరికీ చెప్పుకొచ్చాడు.

వచ్చిన మనిషి ఒక మూల కూర్చుని ఏడుస్తూ ఉంటుందని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళు ఏడ్చింది కూడా. ఒకరోజు అంట్లు తోముతుంటే ఒక స్టీలు గ్లాసులో ఇంకో గ్లాసు ఇరుక్కుపోయింది. ఎంత లాగినా ఊడిరాలేదు. ఆమె వాటిని నాకు చూపించి, ఇది కొత్తగా పెళ్ళయిన జంట, విడదీస్తే మనకు పాపం తగులుతుంది అని చెప్పి అలాగే గూట్లో పెట్టేసింది. నేను పడీపడీ నవ్వాను. నన్ను చూసి ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

ఆ తర్వాత మా ఇంట్లో ఏ వస్తువునూ ఆమె ఊరికే వదల్లేదు. కాలు పొట్టిదైన పీట మీద కూర్చునే ముందు దాన్ని క్షమించమని అడిగేది. పెనం మీద జొన్నరొట్టె పొంగితే, పంజాగుట్టలో ఉండే మా పెదనాన్నకు కోపం వచ్చిందనేది. కుక్కరు కూత వేయకుండా బుసలు మాత్రమే కొడుతుంటే, సారు మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటున్నాడు, ఆగు అనేది. అన్నిటికన్నా తమాషా మా టేబుల్ ఫ్యాను. అది అటూ ఇటూ తల తిప్పుతుంది కదా, దాని ముందు నిలబడి వంకాయ వండాలా అని అడిగేది. అది తల అడ్డంగా ఊపగానే, వద్దంటున్నాడని నాకు చెప్పి బెండకాయలు తరగడం మొదలుపెట్టేది. బడి నుంచి వచ్చీరాగానే నేను కూడా ఫ్యాను దగ్గరికి వెళ్ళి లెక్కలు చేయాలా అని అడిగేదాన్ని. అది నాకెప్పుడూ మంచి సలహానే ఇచ్చింది.

మా పెదనాన్న నాన్నకు అన్న. పెద్ద ఉద్యోగం, సొంత ఇల్లు. ఆయన ముందు నాన్న కుర్చీలో కూడా కూర్చునేవాడు కాదు. ఆయన కూతురికి సంబంధాలు చూస్తున్న రోజులవి. చెల్లెలిని మొగుడు వదిలేశాడంటే ఇంటికి మచ్చ. పిచ్చి కాబట్టి వదిలేశాడంటే మచ్చ ఆమె ఒక్కదానికే. ఆ తేడా ఆయనకు బాగా తెలుసు. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి నేను పెద్దదాన్ని కావలసి వచ్చింది. అర్థమయ్యాక ఆయన మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోయింది.

ఒక ఆదివారం పొద్దున ఆయన ఆటోను గుమ్మం ముందు నిలబెట్టి లోపలికి వచ్చాడు. ఎర్రగడ్డకు వెళ్దామన్నాడు. మా ఊళ్ళో ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అనే అర్థం. జబ్బు చేసినవాళ్ళు అక్కడికి వెళ్ళడంలో తప్పేమీ లేదు. కానీ ఈమెకు జబ్బు లేదు. ఆ సంగతి ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. నాన్న తల దించుకుని నేల చూస్తున్నాడు. అమ్మ వంటింటి తలుపు వెనకాల నిలబడిపోయింది.

"గిన్నెలతోని మాట్లాడుతున్నవంట చెల్లె. నీలో నువ్వే నవ్వుతున్నవంట. డాక్టర్‌కు చూపిస్త, జల్ది తయారుకా," అన్నాడు పెదనాన్న.

మేనత్త, "ఆయన ఇంకొక ఆమెను ఇంట్లకు తెచ్చుకున్నడు అన్నా. ఆయనను ఎర్రగడ్డకు తీస్కపోతనని నువ్వు ఒక్కసారన్న అన్నవా?" అంది.

పెదనాన్న మంచం మీద కూర్చున్న నాయనమ్మ వైపు తిరిగి, నువ్వే చెప్పమ్మా, దీన్ని తీసుకుపోవాలా వద్దా అని అడిగాడు. సరిగ్గా ఆయన వెనక టేబుల్ ఫ్యాను తల అడ్డంగా తిప్పింది.

నాకు నవ్వు ఆగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా బయటికి వచ్చేసింది. పెదనాన్న ఒక్క అడుగు వేసి నా చెంప మీద కొట్టాడు. చెవిలో గుయ్యిమంది. నాన్న కదల్లేదు. నాన్న మీద నాకున్న కోపం గురించి ఇక్కడ రాయను, రాస్తే ఇది అయిపోదు.

లేచింది మా మేనత్త. ఆయన చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. ఆమె ముఖం అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"నన్ను పిచ్చిదన్నవ్, ఊకున్న. పిల్ల నవ్వితే కొడ్తవా?"

గొంతు పెంచలేదు. కానీ ఆయన చెయ్యి వదిలించుకోలేకపోయాడు. ఈలోగా నాయనమ్మ గోడ పట్టుకుంటూ బయటికి నడిచింది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి ఆమె. ఆటో బయలుదేరిన చప్పుడు వినిపించింది. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి, "ఆటోను పంపిన. నువ్వు సుత పో బిడ్డా," అంది కొడుకుతో.

ఆయన వెళ్ళిపోయాడు. కూతురి పెళ్ళికి మేనత్తను పిలవలేదు. నాయనమ్మ కూడా వెళ్ళలేదు.

ఆ మధ్యాహ్నం మేనత్త నా చెంపకు తడిగుడ్డ అద్దుతూ కూర్చుంది. నిన్ను పంపించేసిన మామయ్య మీద నీకు కోపం రాలేదా, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటావు కదా అని అడిగాను. ఆమె గుడ్డ పిండి పక్కన పెట్టింది.

"మస్తు కోపమున్నది బిడ్డా. పొద్దున లేస్తే అదే, పండుకుంటే అదే. గా కోపంతోని దినమంత ఉంటే నేను బతుకనని నవ్వుతున్న. కోపం పోయిందని కాదు," అంది.

అప్పటివరకు నవ్వేవాళ్ళకు కోపం ఉండదనుకునేదాన్ని. ఉంటుందని, రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండొచ్చని ఆ రోజు తెలిసింది.

మేనత్త తర్వాత కుట్టుపని నేర్చుకుంది. మా ఇంట్లోనే ముసలిదయింది. చివరి ఏళ్ళలో సంచి పట్టుకుని ఎర్రగడ్డ రైతుబజారుకు బయలుదేరుతూ, ఎర్రగడ్డకు పోతున్న, ఎవరన్న అడిగితే చెప్పండి అని వీధంతా వినిపించేలా చెప్పేది. పెదనాన్న తాను చేసింది తప్పని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆమె పోయినప్పుడు వచ్చి, చాలా సహనం గల మనిషి అని అందరి ముందూ పొగిడాడు. సహనమట. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను, అక్కడే ఉంటే ఏమంటానో నాకే తెలియదు.

నాకూ వయసు మీద పడింది. ఆ కోపాన్ని ఇక వదిలెయ్యమని మా పిల్లలంటారు. నేను వదలను, అది నాకు దక్కిన ఆస్తి. మొన్న ఒక పెళ్ళిలో మా మనవరాలు అప్పడాన్ని కళ్ళద్దంలా పెట్టుకుని విరగబడి నవ్వుతుంటే, ఒక పెద్దాయన, ఆడపిల్లకు అంత నవ్వేమిటని అడిగాడు. నా పక్క కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, మా మేనత్త సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. మధ్యలో లేవబోయాడు. లేవనివ్వలేదు.