అంచున నల్లచుక్క

ఉప్పల్‌లో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో మా ల్యాబ్ టెక్నీషియనమ్మ ఏ రొమ్ము క్యాన్సర్ గడ్డ స్లైడు వచ్చినా ముందు అంచునున్న జబ్బులేని మంచి కణాలనే చూసేది. ఆ పరీక్షలో హార్మోన్ రిసెప్టర్లున్న కణాలకు గోధుమరంగు పడుతుంది. మంచివాటిలో కొన్నింటికైనా పట్టాలి.

నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ స్లైడులో ఎక్కడా రంగు లేదు.

"మంచి కణాలకు గూడ పట్టలే సార్. పరీక్షే ఖరాబైంది. మళ్ల జేద్దాం," అంది టెక్నీషియనమ్మ.

నాకు తొందర. రిసెప్టర్లు లేవని డాక్టరుగా రిపోర్టు మీద సంతకం పెట్టాను. రిసెప్టర్లుంటేనే ఇచ్చే, హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు ఆ పేషెంటుకు అందలేదు.

రెండేళ్లకు గడ్డ తిరగబెట్టింది. టెక్నీషియనమ్మ ల్యాబ్‌లో దాచిన ఆ పాత గడ్డ ముక్కకే మళ్లీ రంగువేసి, మైక్రోస్కోప్ ముందునుంచి లేచి నాకు కుర్చీ ఇచ్చింది.

"సూడున్రి."

అంతా గోధుమరంగే.

ఆ తర్వాత నా బల్ల మీదికొచ్చిన ప్రతి స్లైడుకూ మంచి కణాల దగ్గర నల్లసిరా చుక్క ఉండేది. మిగతా డాక్టర్ల స్లైడులకు ఉండేది కాదు.