నేను అతికించిన ముక్కు

మాది దుర్గి, రాతి శిల్పుల ఊరు. మా ఇళ్లలో పుట్టినవాడికి బలపం కంటే ముందు ఉలి చేతికొస్తుంది. అలాంటి నన్ను పందొమ్మిదివందల నలభైల్లో మాచర్ల అవతల, తవ్వకాల్లో దొరికిన శిల్పాలు దాచిన మ్యూజియంలో పనికి పెట్టుకున్నారు. కుంచెతో దుమ్ము దులపడం, నంబరు వేయడం, రిజిస్టరులో వివరాలు ఎక్కించడం. ఇదీ ఒక పనేనా అనుకున్నాను.

వాటిలో ఒక సున్నపురాతి స్త్రీమూర్తికి ముక్కు విరిగిపోయి ఉండేది. రోజూ దాన్ని తుడుస్తుంటే నాకు ఒళ్లు మండేది. మేం విరిగి భిన్నమైన విగ్రహాన్ని ఇంట్లో ఒక్క పూట ఉంచం. బాగుచేయాలి, లేదంటే కృష్ణలో కలపాలి. మ్యూజియం ఆఫీసరుగారు మాచర్ల వెళ్లిన రోజు, విరిగిన చోటు సాపు చేసి, అదే రకం రాయితో ముక్కు చెక్కి అతికించాను. మెచ్చుకుంటారని సాయంత్రం గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయన వచ్చి ఆ ముక్కు దగ్గరకు వంగి చూశారు.

"ఏందయ్యా ఇది?"

"ముక్కండీ. బాగుచేశా."

"విరిగిన అంచు చూస్తే ఎవరన్నా సుత్తితో కొట్టారో, దానంతటదే పడిందో తెలిసేది. ఆ అంచే అరగదీశావు. ఇంక ఎవరు చెప్తారు? ఇప్పుడు పీకితే ఇంకా పోద్ది. రేపట్నుంచి రామాక."

సిగ్గుతో చచ్చిపోయాను. కోపమూ వచ్చింది, ఆయన మీద కాదు, నా చేతుల మీద. ఇంటికి పోయి ఉలి పట్టుకుంటే హాయిగా బతకొచ్చు. కానీ ఈ పని నేర్చుకోకుండా కదలకూడదనుకున్నాను. మూడు రోజులు మ్యూజియం వాకిట్లోనే కూర్చున్నాను. నాలుగో రోజు ఆయన రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఉన్నది ఉన్నట్టు చూట్టం నేర్చుకుంటావా?"

"నేర్చుకుంటానండీ."

"అయితే దీంతోనే మొదలుపెట్టు. నువ్వు చేసింది కూడా దాచమాక."

'ముక్కు పూర్వమే విరిగినది. విరిగిన అంచును అరగదీసి కొత్త ముక్కు అతికించినవాడు' అని రాసి, పక్కన నా పేరు పెట్టాను.

ఆ తర్వాత వందల శిల్పాలు కొలిచి ఎక్కించాను. వేలు లేకపోతే లేదని, చెవి సగమే ఉంటే సగమేనని. ఉలి మళ్లీ ముట్టలేదు.

ఒకసారి మా నాన్న చూడటానికొచ్చాడు. శిల్పాలను తడుముతూ తిరిగి, సరిగ్గా ఆ ముక్కు దగ్గరే ఆగాడు.

"ఒరేయ్, ఇది మాత్రం మనోళ్ల చెయ్యిరా!" అన్నాడు సంబరంగా.

నేను రిజిస్టరు తెరిచి ఆ వాక్యం, నా పేరుతో సహా, చదివి వినిపించాను. మా నాన్న మిగతా శిల్పాలన్నీ చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.